ఊదారంగు పలుకుల కోసం ఉద్యోగం మానుకోవచ్చా?

ప్రశ్న: నేను ఉస్మానియాలో కర్బన రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. రెండేళ్లుగా నగరంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. ఈమధ్యే జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్) వచ్చింది. పోర్ఫిరిన్ల (రక్తానికి ఎరుపు, ఆకుకు పచ్చదనం ఇచ్చే అణువుల కుటుంబం) మీద పనిచేసే ఒక ఆచార్యులు పీహెచ్‌డీకి తీసుకుంటామన్నారు. జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేసే మా అన్నయ్య మాత్రం, ‘అది ఎప్పటిదో పాత సబ్జెక్టు, దానితో ఉద్యోగం రాదు, మందుల తయారీ వైపు వెళ్లు’ అంటున్నాడు. ఇంట్లో పెళ్లి మాటలు కూడా నడుస్తున్నాయి. నాకు పాఠం చెప్పడమంటే ప్రాణం. కానీ మా పిల్లలు చర్యలన్నీ బట్టీ పట్టి, పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతారు. అయిదేళ్లు ల్యాబులో కూర్చుంటే ఆ పాఠానికి కూడా దూరమవుతానేమోనని భయం. పైగా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను చేసిన చర్యల్లో సగం విఫలమయ్యాయి. నాకు చేయి తిరగదేమోనని అనుమానం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నాచారం

జవాబు:

అమ్మా, పెళ్లి సంగతిలో నేను వేలు పెట్టను. జేఆర్‌ఎఫ్ అంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000, ఆపైన ఇంటి అద్దె భత్యం అని మాత్రం ఆ మాటలు నడిచే గదిలో ఒకసారి గట్టిగా వినిపించండి. కొన్ని సంభాషణల తీరు దానంతట అదే మారుతుంది.

మిగతాదానికి వచ్చే ముందు నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. పోర్ఫిరిన్ల మీదే పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు కర్బన రసాయనం చెప్పి రిటైరైనదాన్ని నేను. నా త్రాసులో ఒక పళ్లెం ముందే కాస్త కిందికి వాలి ఉంటుంది. ఆ తరుగు తీసేసుకుని చదవండి.

మీ అన్నయ్య మాట ముందు చూద్దాం. పాత సబ్జెక్టు అన్నది నిజమే. పైరోల్ అంటే నాలుగు కర్బనాలు, ఒక నత్రజని ఉన్న చిన్న వలయం; అలాంటివి నాలుగు చేయీ చేయీ పట్టుకుని ఒక పెద్ద వలయంగా నిలబడతాయని 1912లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కుస్టర్ అన్నప్పుడు, అంత పెద్ద వలయం నిలవదని రసాయన శాస్త్రజ్ఞులు పెదవి విరిచారు. హాన్స్ ఫిషర్ 1929లో, రక్తంలోని ఎర్రరంగు అణువుకు దగ్గరి బంధువైన హీమిన్‌ను ల్యాబులో మొదటి నుంచీ కట్టి చూపించాక ఆ వాదం ముగిసింది. మరుసటి ఏడాది ఆయనకు నోబెల్ వచ్చింది. అంటే వందేళ్లు దాటిన సబ్జెక్టే. అయితే వయసు మీదపడినంత మాత్రాన పని అయిపోయినట్టా? నాలుగు పైరోల్‌లలో ఒకటి తిరగబడి, దాని నత్రజని లోపలికి కాక బయటికి చూస్తూ ఉండే పోర్ఫిరిన్ బయటపడింది 1994లో. జపానులో ఒకరు, పోలండులో ఒకరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా దాన్ని పట్టుకున్నారు. పోర్ఫిరిన్ రంగు వాడిన సౌరఘటం 13 శాతం సామర్థ్యం చూపింది 2014లో. అలాంటి రంగుల మీద మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఏళ్ల తరబడి పని జరుగుతోంది. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఈ వలయాలతో కుస్తీ పట్టినవారూ పడుతున్నవారూ ఉన్నారు. ఇక మందులు అంటారా, ఫోటోఫ్రిన్ అనే పోర్ఫిరిన్ మందుకు కెనడా 1993లోనే అనుమతి ఇచ్చింది. మందు రక్తంలోకి ఎక్కిస్తారు. రెండు రోజులు ఆగి కణితి ఉన్న చోట ఎర్రని కాంతి వేస్తారు. పోర్ఫిరిన్ ఆ కాంతిని మింగి పక్కనే ఉన్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. రెచ్చిన ఆక్సిజన్ ఆ కణాలను చంపుతుంది. పోర్ఫిరిన్లకూ మందులకూ చుట్టరికం లేదన్న మాట మీ అన్నయ్య వెనక్కి తీసుకోవాలి.

కంపెనీలో ఇంటర్వ్యూ చేసేవారు థీసిస్ పేరు చూసి ఉద్యోగం ఇవ్వరు. ఎన్ని దశలు చేశారు, ఎన్ని గ్రాములు తీశారు, శుద్ధి ఎలా చేశారు, ఇదిగో ఈ ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణాన్ని చూపే వర్ణపటం) చదవండి అంటారు. పోర్ఫిరిన్ల దగ్గర ఈ నాలుగూ చచ్చినట్టు నేర్చుకోవాల్సిందే. ఆ సంగతి ఇంటర్వ్యూ గదిలో మీ అన్నయ్య కంటే ఆయన పై అధికారికే బాగా తెలిసి ఉంటుంది.

అయినా ఆయన మాటలో ఒక నిజం ఉంది. ఆయన ఆ ఉద్దేశంతో అన్నారో లేదో నాకు తెలియదు. ఈ సబ్జెక్టులో బద్ధకపు థీసిస్ రాయడం చాలా తేలిక. అదే పోర్ఫిరిన్, చివర ఒక గుంపు మార్చు, మధ్యలో లోహం మార్చు, వర్ణపటం తీయి, పత్రం రాయి. మళ్లీ ఇంకో గుంపు, ఇంకో లోహం. నాలుగేళ్లలో ఎనిమిది పత్రాలు వస్తాయి, ప్రశ్న ఒక్కటీ ఉండదు. అలాంటి థీసిస్‌లను పరీక్షకురాలిగా నేనూ చదివాను. లోహాల పట్టిక తప్ప వాటిలో ఏమీ గుర్తులేదు. మీ ఆచార్యులు ఏ రకమో మీరే తెలుసుకోవాలి. ఎలాగో చివర చెబుతాను.

ఇప్పుడు మీ చేయి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే.

నేను చేరిన వారం మా గైడు అప్పగించిన పని టెట్రాఫినైల్‌పోర్ఫిరిన్. అందరూ టీపీపీ అంటారు. ఈ విద్యలో ఓనమాలు అదే. ఆడ్లర్, లాంగో బృందం 1967లో ఇచ్చిన పద్ధతి ఇంతే: ప్రొపియోనిక్ ఆమ్లాన్ని మరిగించాలి. అది 141 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అందులో బెంజాల్డిహైడు, పైరోల్ సమాన మోల్‌ల లెక్కన పోసి అరగంట ఆగాలి. పోసిన కొద్దిసేపటికే ఫ్లాస్కు ముదురుతూ ముదురుతూ నల్లని కషాయం అవుతుంది. చూసినవారెవరైనా వంట మాడిందనే అనుకుంటారు. చల్లార్చి, వడగట్టి, మిథనాల్‌తో కడగడం మొదలుపెడితే ముందు నల్లగా, తర్వాత గోధుమరంగులో, ఆ తర్వాత లేత గులాబీగా నీరు కారుతుంది. నాలుగో కడుగులోనో అయిదో కడుగులోనో వడపోత కాగితం మీద గుత్తివంకాయ తొక్కలాంటి నిగనిగతో ఊదారంగు పలుకులు (స్ఫటికాలు) తేలతాయి. దీపం కింద కాగితాన్ని అటూ ఇటూ వంచితే మెరుపు కదులుతుంది. పోసినదాంట్లో అయిదో వంతు అలా చేతికొస్తుంది. తక్కిన నాలుగు వంతులు తారు.

ఆ తారు సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ సబ్జెక్టులో ఇరవై శాతం వస్తే మంచి రోజు. 1987లో లిండ్సే, గది ఉష్ణోగ్రతలోనే బాగా పలచని ద్రావణంలో చేసే పద్ధతి తెచ్చారు. దానితో నలభై దరిదాపులకు పోవచ్చు. ఎనభై శాతం రావాలని పుస్తకాలు మనకు నేర్పాయి కాబట్టి ఇరవై వస్తే మనకు చేయి తిరగలేదని అనుకుంటాం.

వాసన సంగతి కూడా చెప్పాలి. ప్రొపియోనిక్ ఆమ్లం వాసన చెమటా పులిసిపోయిన పెరుగూ కలిపినట్టు ఉంటుంది. జడలోకి, చీర అంచులోకి ఎక్కి కూర్చుంటుంది. సాయంత్రం సికింద్రాబాదు బస్సు ఎక్కితే నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీనే. ఆ రద్దీలో అదొక సౌకర్యం. మా అమ్మ మాత్రం నన్ను పెరట్లోంచి తప్ప ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఇప్పుడు వాయువులను లాగేసే హుడ్లు మెరుగయ్యాయి. మీరు మరీ అంత బాధపడనక్కరలేదు.

మొదటిసారి చేసినప్పుడు నాకు ఆ పలుకులు రాలేదు. రెండోసారీ రాలేదు. నేను శ్రద్ధగల అమ్మాయిని. సున్నితమైన చర్యలకు గాలి తగలకూడదని ఎమ్మెస్సీలో విన్నాను కదా, ఫ్లాస్కులోకి నైట్రోజన్ వాయువును పంపుతూ కూర్చున్నాను. చివరికి మిగిలింది గరిటెడు తారు, మధ్యలో నామమాత్రంగా రంగు. ల్యాబులో ఒక సీనియర్ వచ్చి చూసి నవ్వలేదు, తిట్టలేదు. ఒక కాగితం ముందు పెట్టి, ‘హైడ్రోజన్లు లెక్కపెట్టు’ అన్నారు.

లెక్కపెట్టాను. నాలుగు పైరోల్‌లలో 16 కర్బనాలు, 20 హైడ్రోజన్లు. నాలుగు బెంజాల్డిహైడులలో 28 కర్బనాలు, 24 హైడ్రోజన్లు. మొత్తం 44, 44. వలయం కట్టుకునేటప్పుడు నాలుగు నీటి అణువులు పోతాయి. హైడ్రోజన్లు 36 మిగలాలి. ‘మరి టీపీపీలో ఎన్ని ఉన్నాయి?’ అని అడిగారు. పుస్తకం తీసి చూశాను. 30. ‘ఆ ఆరూ ఎక్కడికి పోయాయి?’

వాటిని పట్టుకుపోవలసింది గాలిలోని ఆక్సిజన్. నాలుగు పైరోల్‌లు వలయంగా కలిసినంత మాత్రాన పోర్ఫిరిన్ కాదు. ముందు వచ్చేది పోర్ఫిరినోజెన్, దానికి రంగుండదు. ఆ ఆరు హైడ్రోజన్లు ఊడితేనే రంగు. నేను ఆ ఆక్సిజన్ ముఖం మీదే తలుపు వేసి, గడియ పెట్టి, పక్కన కాపలా కూర్చున్నాను. మూడోసారి నైట్రోజన్ గొట్టం పీకేసి చేస్తే పలుకులు వచ్చాయి.

మీ ప్రాజెక్టులో సగం చర్యలు విఫలమయ్యాయన్నారు. వాటిలో ఎందుకు విఫలమయ్యాయో మీకు తెలిసినవి ఎన్ని? ఒక్కదానికైనా కారణం మీరు సొంతంగా పట్టుకుని ఉంటే మీ చేతికి ఏ దోషమూ లేదు. ఒక్కదానికీ తెలియకపోతే, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇచ్చే నాలుగు నెలల్లో కారణం వెతికే తీరిక మీకు ఎవరూ ఇవ్వలేదని అర్థం. ఆ తీరికకే జేఆర్‌ఎఫ్ ఇస్తున్నారు.

ఇక పాఠం. అయిదేళ్లలో పాఠానికి దూరమవుతారా అన్నారు. నా అనుభవంలో ఆ ఆరు హైడ్రోజన్లే ముప్పై ఏళ్ల పాఠానికి పెట్టుబడి అయ్యాయి. ఏటా రెండో సంవత్సరం పిల్లలకు ఆ లెక్క ఇచ్చేదాన్ని, జవాబు చెప్పకుండా వారం రోజులు వదిలేసేదాన్ని. ప్రతి బ్యాచిలోనూ ఇద్దరు ముగ్గురు మధ్యాహ్నం స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడేవారు, ‘మేడం, గాలా?’ అంటూ.

పిల్లలు బట్టీ పడుతున్నారని వాళ్లను తిట్టకండి. పెర్కిన్ చర్య అంటే ఏమిటి, రెండు మార్కులు. కానిజారో చర్య రాయండి, అయిదు మార్కులు. పేరు చెబితే చర్య రావాలి, చర్య చూపితే పేరు రావాలి. పరీక్ష ఎక్కాల పుస్తకంలా ఉంటే పిల్లవాడు ఎక్కాలే చదువుతాడు, వాడు తెలివైనవాడు కాబట్టే. చర్యా విధానం మొత్తం తప్పు లేకుండా రాసే కుర్రాడిని ఆపి, ‘ఈ వంకర బాణం తోక ఇక్కడే ఎందుకు పెట్టావు?’ అని అడగండి. చాలామంది ‘బొమ్మలో అలాగే ఉంది’ అంటారు. బాణం ఎలక్ట్రాన్లు ఉన్న చోట మొదలై అవి వెళ్లే చోట ముగుస్తుందన్న ఒక్క మాట చేతికి పట్టుబడితే, ఆ ఏడాది మిగిలిన చర్యల్లో సగం బట్టీ అవసరం లేకుండా పోతుంది.

ఆ మాట పట్టుబడటానికి పైరోల్‌ను మించిన పాఠం నాకు దొరకలేదు. ఆల్డిహైడు మీద ఆమ్లం ప్రోటాను కూర్చుంటే కర్బనం ఎలక్ట్రాన్ల కోసం ఆకలిగా చూస్తుంది. పైరోల్ తన రెండో స్థానం నుంచి దాన్ని అందుకుంటుంది. మూడో స్థానం నుంచి ఎందుకు కాదు? రెండో స్థానం నుంచి వెళితే వచ్చే ధనావేశాన్ని మూడు చోట్ల పంచుకోవచ్చు, మూడో స్థానం నుంచి అయితే రెండు చోట్లే. పిల్లలతో రెండూ బోర్డు మీద గీయించండి, మీరు గీయకండి. తర్వాత నీరు పోతుంది, ఇంకో పైరోల్ వస్తుంది, మళ్లీ అదే పని. నాలుగుసార్లు అదే పని జరిగితే మన నెత్తుటిలో ఉన్న హీమ్ చట్రం తయారవుతుంది. సిలబస్‌లో ఉన్న ఆరోమాటిక్ ప్రతిక్షేపణ చర్య దాటి ఒక్క అడుగు కూడా బయటికి వేయలేదని గమనించండి. ప్రిన్సిపాల్‌కు చెప్పుకోవడానికి అది పనికొస్తుంది.

ఇంకా సులువైనది వంటింట్లో ఉంది. పాలకూర పప్పు చాలాసేపు పచ్చగా ఉంటుంది. గోంగూర మాత్రం పొయ్యి మీద పెట్టిన అయిదు నిమిషాల్లో ఆ లేత పచ్చదనం పోయి నాచు రంగుకు తిరుగుతుంది. ఎందుకని ఒకసారి తరగతిలో అడిగితే వెనక బెంచీ అమ్మాయి, మేడ్చల్ వైపు నుంచి రోజూ వచ్చేది, ‘పులుపు కదా మేడం’ అంది. సరిగ్గా అదే. ఆకుపచ్చని క్లోరోఫిల్ కూడా ఈ కుటుంబపు అణువే, మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. ఉడికేటప్పుడు ఆకులోని ఆమ్లం ఆ మెగ్నీషియాన్ని కుర్చీలోంచి లేపేసి, దాని చోట రెండు ప్రోటాన్లను కూర్చోబెడుతుంది. మెగ్నీషియం పోయిన క్లోరోఫిల్ రంగే ఆ నాచు రంగు. వంటసోడా చిటికెడు వేస్తే పచ్చదనం నిలుస్తుందని మన అమ్మమ్మలకు తెలుసు (విటమిన్లు కొంత పోతాయి, రుచీ పాడవుతుంది, కాబట్టి గోంగూరకు ఆ పని చేయకండి). ఖాళీ కుర్చీలో రాగి కూర్చుంటే మళ్లీ పచ్చగా అవుతుంది, ఆ తర్వాత పులుపుకు లేవదు. తినుబండారాల పొట్లాల మీద ఇ141 అని రాసే రంగు అదే. ఇంత చెప్పాక సంశ్లిష్టాలంటే ఏమిటి, ఏ లోహం ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్న పాఠం మొదలుపెడితే పిల్లలు నిద్రపోరు.

పాలకూరను సర్జికల్ స్పిరిట్‌లో నూరి వడగట్టి, కోఠీలో దుకాణాలవారు నోట్లు పరీక్షించే ఊదా దీపం కింద పెట్టండి. ఆకుపచ్చని నీరు రక్తంలా ఎర్రగా వెలుగుతుంది. గది చీకటిగా ఉండాలి, దీపంలోకి నేరుగా చూడకూడదు. ఖర్చు రెండు వందల రూపాయలు దాటదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పాఠం మాత్రం వేరు. మా చెల్లెలి కూతురు పుట్టిన మూడో రోజున కామెర్లతో పచ్చబడితే ఆసుపత్రిలో నీలి దీపం కింద పడుకోబెట్టారు. కళ్లకు గంతలు కట్టుకుని, ఒంటి మీద లంగోటా తప్ప ఏమీ లేకుండా, ఆ నీలి వెలుగులో అది చేపపిల్లలా కాళ్లు ఆడిస్తోంది. అద్దం అవతల నిలబడి మా చెల్లెలు ఏడుస్తోంది. నేను ఏడవలేదు, బిలిరుబిన్ బొమ్మ గుర్తుచేసుకుంటున్నాను. ఇప్పటికీ మా చెల్లెలు ఆ మాట ఎత్తి పొడుస్తుంది.

ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది చనిపోయాక దానిలోని హీమ్ వలయాన్ని శరీరం ఒక చోట కోసి తెరుస్తుంది. మొదట వచ్చేది ఆకుపచ్చని బిలివర్డిన్, తర్వాత పసుపుపచ్చని బిలిరుబిన్. మోకాలికి తగిలిన దెబ్బ కమిలి ఊదాగా, తర్వాత ఆకుపచ్చగా, ఆ తర్వాత పసుపుగా మారడంలో కనిపించే వరుస ఇదే. తెరిచిన పోర్ఫిరిన్ అంటే నాలుగు పైరోల్‌ల దండ. ఈ దండ తనలో తానే ముడుచుకుంటుంది. నీటితో కట్టుకోవలసిన హైడ్రోజన్ బంధాలన్నీ తన లోపలే కట్టేసుకుంటుంది. అందుకే నీటిలో కరగదు, శరీరం నుంచి బయటికి పోదు. పెద్దవాళ్ల కాలేయం దానికి చక్కెర ఆమ్లం తగిలించి కరిగేలా చేస్తుంది. పసిపిల్లల కాలేయానికి ఇంకా ఆ పని పూర్తిగా చేతకాదు. అప్పుడు నీలి కాంతి ఏం చేస్తుంది? దండలో ఒక ద్విబంధాన్ని పట్టుకుని అటు ముఖాన్ని ఇటు తిప్పుతుంది. మన పిల్లలు సిస్, ట్రాన్స్ అని, జెడ్, ఇ అని బట్టీ పట్టే సాదృశ్యం ఉందే, అదే. ఆ ఒక్క మలుపుతో ముడి విడిపోతుంది, లోపలి బంధాలు తెగుతాయి, అణువు నీటికి లొంగుతుంది, పైత్యరసంలో బయటికి పోతుంది. ‘జ్యామితీయ సాదృశ్యానికి రెండు ఉదాహరణలు’ అన్న ప్రశ్నకు మలీయిక్ ఆమ్లం, ఫ్యుమారిక్ ఆమ్లం అని రాసే పిల్లలకు ఈ పాప సంగతి చెప్పి చూడండి. నీలోఫర్ ఆసుపత్రిలో తమ్ముడో చెల్లెలో ఆ దీపం కింద పడుకున్న పిల్లలు మీ తరగతిలోనే ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఇవన్నీ నాకు పాఠ్యపుస్తకంలోంచి రాలేదు. ఒకే అణువుతో అయిదేళ్లు సంసారం చేసినందువల్ల వచ్చాయి. అలాగని పరిశోధన చేసినవారంతా బాగా చెబుతారని నమ్మకండి. తమ పత్రంలోని పదకొండో పట్టికను డిగ్రీ పిల్లల మీద రుద్దే ఆచార్యులు నాకు బాగా తెలుసు. మీకు ఇప్పటికే పాఠం మీద ప్రాణం ఉంది కాబట్టి ఆ జబ్బు మీకు రాదనే అనుకుంటున్నాను. అవకాశం ఉంటే ఎమ్మెస్సీ ప్రాక్టికల్ తరగతులు మీకు అప్పగించమని ముందే అడగండి. చాలామంది పరిశోధక విద్యార్థులు దాన్ని వెట్టిగా చూస్తారు, మీకు అడగ్గానే ఇస్తారు.

ఇప్పుడు ఆచార్యుల సంగతి. అణువును చూసి కాదు, ల్యాబును చూసి నిర్ణయించుకోండి. అక్కడ మూడో ఏడాదిలో ఉన్న అమ్మాయినో అబ్బాయినో క్యాంటీనుకు పిలిచి చాయ్ ఇప్పించండి. ‘మీ థీసిస్ ప్రశ్న ఏమిటి?’ అని అడగండి. ఏ లోహాలు పెట్టారో చెబితే ఆలోచించండి. దేనికి జవాబు దొరకడం లేదో విసుక్కుంటూ చెబితే ధైర్యంగా చేరండి. మిశ్రమాన్ని విడదీసే కాలమ్ గురించి అడగండి. రెండు రకాల ఆల్డిహైడులు కలిపి చేస్తే ఆరు రకాల పోర్ఫిరిన్లు ఒకే కుండలో వస్తాయి. ఏది ఎంత వస్తుందో ఇంటర్‌లో చదివిన ద్విపద సిద్ధాంతం ఉజ్జాయింపుగా చెబుతుంది, ఒకటి, నాలుగు, ఆరు, నాలుగు, ఒకటి. ఆ మధ్య ఆరులో మళ్లీ రెండు రూపాలు. వాటిని సిలికా గొట్టంలో విడదీయడానికి ఒక్కోసారి వారం పడుతుంది. ఒక ఊదా పట్టీ వెనక ఇంకో ఊదా పట్టీ వేలెడు దూరంలో దిగుతూ ఉంటుంది, కళ్లు కాయలు కాస్తాయి. ఆ వారంలో గైడు ఒక్కసారైనా వచ్చి గొట్టం వైపు చూశారా అని అడగండి. ఎన్‌ఎంఆర్ కోసం ఎన్నాళ్లు ఆగాలో కూడా అడగండి. పోర్ఫిరిన్ ఎన్‌ఎంఆర్‌లో లోపల నత్రజనికి అంటుకున్న ఎన్‌హెచ్ హైడ్రోజన్లు కొలబద్ద మీద సున్నాకు కూడా దిగువన, మైనస్ 2.8 దగ్గర కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు యంత్రం చెడిపోయిందని అనుకుంటారు. నేనూ అనుకున్నాను, ఆపరేటర్‌తో పోట్లాడాను కూడా.

ఉద్యోగం మధ్యలో మానకండి, సెమిస్టర్ పూర్తి చేసి రండి. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఉంటే రాజీనామా మాట ఎత్తకముందే ఏదో ఒక పని చెప్పి తెచ్చుకోండి. ఒకప్పుడు నేను చేరిన ఒక కళాశాల నావి ఎనిమిది నెలలు తొక్కిపట్టింది. రేపు మళ్లీ డిగ్రీ కళాశాలకు రావాలన్నా దారి మూసుకుపోదు; నెట్ అర్హత ఎలాగూ చేతిలో ఉంది, దాని పక్కన పీహెచ్‌డీ చేరుతుంది.

చివరగా, ల్యాబు చూడటానికి వెళ్లిన రోజు ఒక పని చేయండి. ఫ్రిజ్ తెరిచి పైరోల్ సీసా చూపించమనండి. అప్పుడే స్వేదనం చేసిన పైరోల్ నీళ్లలా తేటగా ఉంటుంది. వెలుతురూ గాలీ తగిలితే పసుపుపచ్చగా మారి, గోధుమరంగుకు తిరిగి, చివరికి చాయ్ డికాక్షన్‌లా అవుతుంది. దాన్ని అలాగే వాడేవారికి తారు ఎక్కువ, పలుకులు తక్కువ వస్తాయి. తాజాగా స్వేదనం చేసి, రేకు చుట్టి, మీద తేదీ రాసి పెట్టుకునే ల్యాబులో పనివాళ్లు ఉన్నారని అర్థం. సీసా ఏ రంగులో ఉందో నాకు రాయండి.